ఫెయిర్ ట్రేడ్ వల్ల రైతుకు ఏం ఒరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కాఫీ ప్యాకెట్ మీదో చాక్లెట్ మీదో ఫెయిర్ ట్రేడ్ గుర్తు చూసినవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. "నేను ఎక్కువ పెట్టిన డబ్బు నిజంగా రైతుకు చేరుతోందా?" అన్నది వాటిలో మొదటిది. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా కాఫీ, కోకో పంటలవే. ఈ గుర్తు మొదలైంది కాఫీతోనే, లోటుపాట్లు బాగా బయటపడిందీ ఈ రెండు పంటల్లోనే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

ఫెయిర్ ట్రేడ్ అంటే పేద రైతులకు చేసే దానమా?

కాదు. అది ఒక కొనుగోలు ఒప్పందం. కొనేవాడు నాలుగు విషయాలకు కట్టుబడతాడు. మార్కెట్ ఎంత పడిపోయినా ఒక కనీస ధర కంటే తక్కువ ఇవ్వడు. ఆ ధర మీద సంఘానికి ప్రీమియం అనే అదనపు సొమ్ము ఇస్తాడు. సంఘం అడిగితే పంట చేతికి రాకముందే కొంత డబ్బు ఇప్పిస్తాడు. వీలైనంతవరకు ఒకే సంఘంతో ఏళ్ళ తరబడి వ్యాపారం చేస్తాడు. రైతుల వైపు నుంచి కూడా షరతులున్నాయి. సంఘంగా ఏర్పడాలి, లెక్కలు సభ్యులందరికీ చూపించాలి, పంట పండించే పద్ధతిలో కొన్ని నియమాలు పాటించాలి. రైతు తన సరుకు అమ్ముకుంటున్నాడే తప్ప చేయి చాచడం లేదు.

ఇది ఎక్కడ పుట్టింది? ఎవరి ఆలోచన?

మెక్సికో దక్షిణాన ఉన్న ఒహాకా కొండల్లో పుట్టింది. అక్కడి ఆదివాసీ కాఫీ రైతులు దళారులను 'కొయోటే' అనేవారు, అంటే నక్క లాంటి జంతువు. దారి సరిగా లేని ఊళ్ళకు లారీ తెచ్చేది ఆ దళారే, ధర చెప్పేదీ అతనే. 1980లలో రైతులు ఊసిరి అనే సహకార సంఘం పెట్టుకుని నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళ మధ్యే ఉంటూ పనిచేసిన డచ్ మతగురువు ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్, నెదర్లాండ్స్‌లోని సాలిడారిడాడ్ సంస్థకు చెందిన నికో రోజెన్ కలిసి 1988 నవంబరులో 'మాక్స్ హావెలార్' అనే గుర్తుతో ఆ కాఫీని మామూలు సూపర్ మార్కెట్లకు తెచ్చారు. ఆ తర్వాత వేర్వేరు దేశాల్లో పుట్టిన ఇలాంటి గుర్తుల సంస్థలు 1997లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఇప్పుడు దాన్నే ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ అంటున్నాం. కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది.

కాఫీ రైతుకు ధర గురించి అంత టెన్షన్ ఎందుకు? ధర తగ్గితే వేరే పంట వేసుకోవచ్చు కదా?

వేసుకోలేడు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, వచ్చాక దశాబ్దాల పాటు ఉంటుంది. ఈ ఏడాది ధర లేదని చెట్లు పీకేస్తే వచ్చే ఏడాది ధర పెరిగినా చేతిలో పంట ఉండదు. ధర నిర్ణయమయ్యేదీ అతని చేతిలో లేదు. అరబికా రకం కాఫీకి న్యూయార్క్ సరుకుల ఎక్స్ఛేంజ్, రోబస్టా రకానికి లండన్ ఎక్స్ఛేంజ్ దిక్కు. బ్రెజిల్‌లో మంచు పడి తోటలు మాడితే ధర ఎగురుతుంది, అక్కడ బాగా పండితే ఇథియోపియా రైతు ఇంట్లో ఆదాయం పడిపోతుంది.

ఒకప్పుడు దేశాల మధ్య అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ఉండేది. ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టి ధర మరీ పడిపోకుండా చూసేవారు. 1989 జూలైలో ఆ కోటాలు కూలిపోయాయి. మరో పక్క వియత్నాం పెద్ద ఎత్తున కాఫీ వేసి ప్రపంచంలో రెండో స్థానానికి వచ్చింది. 2001 చివరికి అరబికా ధర పౌనుకు (దాదాపు 450 గ్రాములకు) 50 సెంట్ల కంటే దిగువకు పడింది. మధ్య అమెరికాలో పండ్లు కోసే కూలి కూడా గిట్టక తోటలు వదిలి వలసపోయిన కుటుంబాలు ఎన్నో. అప్పుడు ఫెయిర్ ట్రేడ్ కింద అమ్మిన సంఘాలకు ప్రీమియంతో కలిపి 1 డాలరు 26 సెంట్లు వచ్చింది. ఈ పద్ధతి అవసరం లేదనేవాళ్ళు ఒక్కసారి ఆ సంవత్సరం లెక్క చూడాలి.

ప్యాకెట్ల మీద రకరకాల గుర్తులుంటాయి. అన్నీ ఒకటేనా?

కాదు, వాటి మధ్య తేడా చాలా ఉంది. నలుపు మీద నీలం, ఆకుపచ్చ రంగులతో ఉండేది ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ గుర్తు. ఫెయిర్ ట్రేడ్ యూఎస్ఏ 2011 చివర్లో దాని నుంచి విడిపోయింది, పెద్ద కాఫీ ఎస్టేట్లకు కూడా సర్టిఫికెట్ ఇస్తుంది. కప్ప బొమ్మ ఉన్నది రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్. దాని దృష్టి అడవులు, సాగు పద్ధతుల మీద ఉంటుంది, ఫెయిర్‌ట్రేడ్‌లో ఉన్నటువంటి కనీస ధర అందులో లేదు. చేతివృత్తుల సరుకు మీద ఎక్కువగా కనిపించే వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ గుర్తు సరుకుకు కాక, మొత్తం సంస్థ నడిచే తీరుకు ఇచ్చేది.

## సంఘంలో చేరే దశ

ఒక్క రైతు సొంతంగా సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ లెక్కలో కాఫీకి, కోకోకి వీల్లేదు. చిన్న రైతుల సంఘానికే ఇస్తారు. రెండెకరాల రైతు ఒక్కడే వెళ్ళి యూరప్ కంపెనీతో బేరమాడలేడు, ఒక కంటైనర్ నింపేంత సరుకు కూడా అతని దగ్గర ఉండదు. టీ, అరటి, పూల లాంటి వాటిలో కూలీలతో నడిచే ఎస్టేట్లకు కూడా అనుమతి ఉంది. అక్కడ ప్రీమియం యజమాని జేబులోకి వెళ్ళకూడదు, కార్మికులు ఎన్నుకున్న కమిటీ నిర్ణయించిన పనులకే వాడాలి.

సంఘం ఏమేం పాటించాలి?

సర్వసభ్య సమావేశం పెట్టాలి. ప్రీమియం ఎలా ఖర్చు చేయాలో అక్కడే ఓటుతో తేల్చాలి. లెక్కల పుస్తకం చూపించమని ఏ సభ్యుడు అడిగినా చూపించాలి. పిల్లలతో వెట్టి చేయించకూడదు, నిషేధించిన పురుగుమందులు కొట్టకూడదు, జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు.

కాగితం మీద ఇవన్నీ తేలికగా కనిపిస్తాయి. ఊళ్ళో మాత్రం అసలు కష్టం లెక్కల దగ్గరే వస్తుంది. ఎవరెంత తెచ్చారు, కాటా ఎవరు వేశారు, ఎంత తరుగు తీశారు అన్నది రాసిపెట్టి అందరి ముందు చదవడం అలవాటు లేని చోట ఇది చాలా పెద్ద మార్పు. నా అభిప్రాయంలో ఫెయిర్ ట్రేడ్ చేసిన మేలులో కనీస ధర సగం, ఈ తెరిచిన పుస్తకం సగం. సంఘం బలంగా లేని చోట ఎంత మంచి ధర వచ్చినా అది రైతు ఇంటిదాకా చేరదు.

సర్టిఫికెట్ ఖర్చు ఎవరిది?

సంఘానిదే. తనిఖీ చేసేది ఫ్లోసర్ట్ అనే సంస్థ. దరఖాస్తుకు, మొదటి తనిఖీకి, తర్వాత ఏటా ఫీజు ఉంటుంది, సభ్యుల సంఖ్యను బట్టి మారుతుంది. చిన్న సంఘానికి ఇది బరువే. ముందు కొనేవాడిని వెతుక్కోకుండా సర్టిఫికెట్ తీసుకున్న సంఘాలు నష్టపోతాయి, గుర్తు వచ్చినంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు. ఎవరైనా సలహా అడిగితే ముందు కొనేవాళ్ళతో మాట తేల్చుకుని తర్వాతే దరఖాస్తు పెట్టమంటాను.

## పంట అమ్మే దశ

కనీస ధర ఎంత? అది ఎలా పనిచేస్తుంది?

కడిగి ప్రాసెస్ చేసిన అరబికాకు 2023 ఆగస్టు నుంచి పౌనుకు 1 డాలరు 80 సెంట్లు. అంతకుముందు 2011 నుంచి 1 డాలరు 40 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. పన్నెండేళ్ళలో ఎరువు, కూలి ఎంత పెరిగాయో రైతును అడగక్కర్లేదు. అంతకాలం మార్చకపోవడం తప్పే. పండును ఎండబెట్టి తీసిన రోబస్టాకు 1 డాలరు 20 సెంట్లు. సేంద్రియ కాఫీ అయితే పౌనుకు ఇంకో 40 సెంట్లు కలుస్తాయి. వీటన్నిటి మీద ప్రీమియం 20 సెంట్లు.

మార్కెట్ ధర 1 డాలరు 50 సెంట్లు ఉన్నప్పుడు మామూలు అరబికా కొనేవాడు 1.80 ఇచ్చి, దాని మీద 20 సెంట్లు ఇవ్వాలి. మార్కెట్ 2 డాలర్ల 50 సెంట్లు ఉంటే ఆ ధరే ఇవ్వాలి, 20 సెంట్లు మాత్రం అలాగే ఉంటాయి. ధర ఎంత కిందికి దిగవచ్చో అన్నదానికే హద్దు ఉంది, పైకి పోవడానికి లేదు.

మార్కెట్ ధరే ఎక్కువగా ఉంటే ఇక ఫెయిర్ ట్రేడ్ ఎందుకు?

2025 ఫిబ్రవరిలో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. అలాంటప్పుడు కనీస ధరతో పనిలేదు, ప్రీమియం మాత్రం వస్తుంది. కానీ సంఘాలకు అలాంటి రోజుల్లోనే కొత్త ఇబ్బంది వస్తుంది. సంఘం కొన్ని నెలల ముందు ఒక ధరకు ఒప్పందం రాసుకుని ఉంటుంది. ఈలోపు బయటి వ్యాపారి తోట దగ్గరికే వచ్చి నగదు చేతిలో పెడతాడు. సభ్యుడు అతనికే అమ్మేస్తే సంఘం కొనేవాడికి ఇచ్చిన మాట తప్పాలి, లేదా నష్టానికి బయట కొని ఇవ్వాలి. సభ్యుడిని తప్పుపట్టలేం, ఇంట్లో అవసరం అలా ఉంటుంది. ధర పడినప్పుడు సంఘం తనను ఎలా కాపాడిందో చూసిన రైతు మంచి ధర రోజుల్లోనూ దాన్ని వదలడు. అలా నిలబడ్డ సంఘాలున్నాయి, చీలిపోయినవీ ఉన్నాయి.

కోతకు ముందే డబ్బు కావాలి. షావుకారు దగ్గరికి పోక తప్పుతుందా?

కోత కూలి, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు పంట అమ్మేదాకా ఆగవు. మధ్య అమెరికా కాఫీ రైతులు పాత పంట డబ్బు అయిపోయి కొత్త పంట రాని రోజులను 'బక్కచిక్కిన నెలలు' అంటారు. ఆ నెలల్లో దళారి అప్పిస్తాడు, పంట తనకే అమ్మాలంటాడు, ధర తనే చెబుతాడు. ఇది మన మిర్చి రైతుకో పత్తి రైతుకో వివరించాల్సిన సంగతి కాదు.

ఫెయిర్‌ట్రేడ్ నియమాల ప్రకారం కాఫీ, కోకో సంఘాలు అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం వరకు ముందుగా డబ్బు అందేలా కొనేవాడు చూడాలి. కనీస ధర గురించి అందరూ మాట్లాడతారు కానీ, అప్పు ఉచ్చులో ఉన్న రైతుకు ఈ అడ్వాన్సే ఎక్కువ మేలు చేస్తుంది. అప్పు లేనివాడే బేరమాడగలడు.

సంఘం పంట మొత్తం ఫెయిర్ ట్రేడ్ ధరకే పోతుందా?

పోదు. సర్టిఫికెట్ ఉన్న సంఘాలు పండించేది ఎక్కువ, ఆ షరతులతో కొనేవాళ్ళు తక్కువ. మిగిలింది మామూలు మార్కెట్ ధరకే పోతుంది. గ్వాటెమాలా కాఫీ సంఘాల లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు, కొత్త సంఘాలు వచ్చి చేరేకొద్దీ ఒక్కో సంఘం ఈ ధరకు అమ్ముకోగలిగే వాటా తగ్గిపోయి లాభం పలచబడిందని తేల్చారు.

## డబ్బు చేతికి వచ్చాక

ప్యాకెట్‌కు నేను ఎక్కువ పెట్టిన సొమ్ములో రైతుకు ఎంత?

దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. కనీస ధర లెక్కేసేది సరుకు ఓడ ఎక్కే దగ్గర, రైతు గుమ్మం దగ్గర కాదు. అంటే ఆ 1 డాలరు 80 సెంట్లు సంఘానికి వచ్చే ధర. అందులోంచి పొట్టు తీయడం, గ్రేడింగ్, రేవు దాకా లారీ, సంఘం సిబ్బంది జీతాలు, పాత అప్పుల వాయిదా పోగా మిగిలింది సభ్యుడికి. బాగా నడిచే సంఘంలో ఆ కోత చిన్నది, లేని చోట పెద్దది.

ఇటు అమ్మే వైపు చూస్తే, ఫెయిర్ ట్రేడ్ ప్యాకెట్ కదా అని దుకాణం ఎంత ఎక్కువ వేసుకున్నా దాని మీద ఏ నియంత్రణా లేదు. ప్యాకెట్‌కు యాభై రూపాయలు ఎక్కువ ఇస్తే యాభై రూపాయలూ రైతుకు పోతున్నాయని అనుకోవద్దు.

ప్రీమియం డబ్బుతో ఏం చేస్తారు?

ఒక కంటైనర్‌లో దాదాపు 18 టన్నుల కాఫీ గింజలు పడతాయి, అంటే సుమారు 40 వేల పౌన్లు. పౌనుకు 20 సెంట్ల చొప్పున సంఘానికి 8 వేల డాలర్ల దాకా వస్తుంది. అందులో కనీసం నాలుగో వంతు నాణ్యత, దిగుబడి పెంచే పనులకే వాడాలి. నారుమడి, పండు గుజ్జు తీసే పల్పింగ్ యంత్రం, ఎండబెట్టే కల్లం లాంటివన్నమాట. మిగతాది సభ్యుల ఇష్టం. బావి తవ్వించుకున్న ఊళ్ళున్నాయి, బడి గదులు కట్టినవి ఉన్నాయి. అందరికీ నగదుగా పంచుకున్న సంఘాలూ ఉన్నాయి. నగదు పంచితే తప్పని కొందరంటారు, నేను అనను. తమ డబ్బు ఎలా వాడుకోవాలో వాళ్ళకు తెలుసు.

రైతులే కంపెనీలో వాటాదారులైన ఉదాహరణ ఉందా?

ఉంది, ఘనాలోని కువాపా కోకో. కోకో కొనుగోలులోకి ప్రైవేటు సంస్థలను అనుమతించిన రోజుల్లో, 1993లో, రైతులు సొంతంగా కొనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్ళ ప్రధాన బాధ తూకంలో మోసం. అందుకే తమ సంఘంలో గింజలు రైతే తూకం వేసుకునే పద్ధతి పెట్టారు. 1998లో బ్రిటన్‌లో డివైన్ చాక్లెట్ కంపెనీ మొదలైనప్పుడు ఈ సంఘం అందులో వాటాదారు. 2006లో మరో వాటాదారు, సౌందర్య సాధనాల కంపెనీ బాడీ షాప్, తన వాటాలను సంఘానికి ఇచ్చేయడంతో సంఘం వాటా 45 శాతానికి చేరింది. గింజ పండించినవాడికి చాక్లెట్ లాభంలో పాలు దక్కడం ఆ వ్యాపారంలో అరుదైన విషయం. తర్వాత కంపెనీ చేతులు మారి ఆ వాటా తగ్గింది. అయినా రైతు ముడిసరుకు దగ్గరే ఆగిపోనక్కర్లేదని కువాపా కోకో చూపించింది.

## గట్టిగా అడగాల్సిన ప్రశ్నలు

సరే, రైతుకు మేలు. మరి ఆ తోటలో కూలికి?

ఇది ఫెయిర్ ట్రేడ్‌కు తగిలిన అతి బలమైన విమర్శ, తగలవలసిందే కూడా. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల్లో ఏళ్ళ తరబడి చేసిన పరిశీలన 2014లో వచ్చింది. ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న చోట్ల కూలీల వేతనాలు, పని పరిస్థితులు మిగతా చోట్ల కంటే మెరుగ్గా లేవని, కొన్నిచోట్ల ఇంకా తక్కువని చెప్పింది. కోస్టారికా కాఫీ మీద జరిగిన మరో పరిశోధనలో తోట యజమానుల ఆదాయం పెరిగింది కానీ, కోత కూలీలకు ఆ లాభం చేరలేదని తేలింది. చిన్న రైతు పేదవాడే, అతని దగ్గర పనిచేసే కూలి ఇంకా పేద. ప్రీమియం మీద ఓటు సభ్యుడికి ఉంది, కూలికి లేదు. ఈ నియమం మారాలి.

ఆ గుర్తు ఉంటే పిల్లలతో పని చేయించలేదని నమ్మవచ్చా?

పూర్తి హామీ ఏ గుర్తూ ఇవ్వలేదు. ఘనా, ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో సుమారు 15 లక్షల 60 వేల మంది పిల్లలు పనిచేస్తున్నారని 2020లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుల నివేదిక అంచనా వేసింది. ఫెయిర్‌ట్రేడ్ దీన్ని నిషేధిస్తుంది, దొరికితే సంఘం మీద చర్య ఉంటుంది. అయితే పెద్దవాళ్ళను కూలికి పెట్టుకునే స్థోమత లేకే ఇంట్లో పిల్లలు తోటకు వెళ్తున్నారు. అందుకని తనిఖీ ఒక్కటే సరిపోదు, గింజకు వచ్చే ధర కూడా పెరగాలి.

కనీస ధరతో రైతు కుటుంబం హాయిగా బతకగలదా?

చాలాచోట్ల బతకలేదు. ఫెయిర్‌ట్రేడ్ సంస్థే ఆ సంగతి ఒప్పుకుని, కుటుంబం గౌరవంగా బతకాలంటే ధర ఎంత ఉండాలో వేరే లెక్క ప్రకటిస్తోంది. కొనేవాళ్ళు దాన్ని పాటించడం మాత్రం వాళ్ళ ఇష్టానికి వదిలేసింది. కోకో కనీస ధరను 2019 అక్టోబరు నుంచి టన్నుకు 2,400 డాలర్లు, ప్రీమియం 240 డాలర్లు చేశారు. 2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో 10 వేల డాలర్లు దాటినా ఘనా రైతుకు అందులో చిన్న భాగమే అందింది. అక్కడ రైతుకిచ్చే ధరను ప్రభుత్వ కోకో బోర్డు సీజన్‌కు ముందే ఖరారు చేస్తుంది, సరుకును ముందే అమ్మేస్తుంది. భూమి విస్తీర్ణం, దేశ విధానం, వాతావరణం లాంటివి ఒక గుర్తు మార్చగలిగేవి కావు.

పెద్ద కంపెనీలు పేరు కోసం వాడుకుని వదిలేయవా?

వదిలేశాయి. బ్రిటన్‌లో క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ 2009లో ఫెయిర్‌ట్రేడ్ గుర్తు తీసుకుంది, 2016లో సొంత పథకం వైపు మళ్ళింది. కిట్‌క్యాట్ 2010లో చేరి 2020లో వెళ్ళిపోయింది. సొంత పథకమైతే ప్రీమియం ఎవరికి, ఎంత, దేనికన్నది కంపెనీ తేలుస్తుంది. ఫెయిర్‌ట్రేడ్‌లో అది రైతుల సమావేశం తేలుస్తుంది. నన్ను అడిగితే ఆ ఓటు పోవడమే అసలు నష్టం.

## మన నేల మీద

మనకు కనీస మద్దతు ధర ఉంది కదా, ఇది దేనికి?

రెండూ వేరు. మద్దతు ధర ప్రభుత్వం ప్రకటించేది. 2024-25కి పొడవు పింజ పత్తికి క్వింటాలు 7,521 రూపాయలు. ధర పడితే ప్రభుత్వ సంస్థ అయిన భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనాలి. ఫెయిర్ ట్రేడ్ ధర ఒప్పందం చేసుకున్న వ్యాపారికి మాత్రమే వర్తిస్తుంది, ప్రభుత్వానికి సంబంధం లేదు. కాఫీకి మన దేశంలో మద్దతు ధరే లేదు కాబట్టి పాడేరు కొండల రైతుకు ఈ ప్రశ్న ఇంకో రకంగా ఉంటుంది.

అరకు కాఫీ అంటే ఫెయిర్ ట్రేడే అనుకోవచ్చా?

పేరు చూసి అనుకోవద్దు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ ఆ కొండల్లోదేనని అది చెబుతుంది, రైతుకు ఎంత ఇచ్చారో చెప్పదు. అక్కడ దళారుల పట్టు సడలడానికి గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ళు, ఆదివాసీ రైతుల సొంత సహకార సంఘాలు సాయపడ్డాయి. ఫెయిర్ ట్రేడ్ పేరు లేకపోయినా ఆ పనిలో చాలా భాగం అదే. సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది మీరు కొనే ప్యాకెట్ మీదే చూసుకోవాలి.

తెలుగు రైతులు ఫెయిర్ ట్రేడ్ పత్తి పండిస్తున్నారా?

పండిస్తున్నారు. చేతన ఆర్గానిక్ అనే సంస్థ 2004 నుంచి ఆదిలాబాద్ ప్రాంతంలో, ఒడిశా, విదర్భల్లో చిన్న పత్తి రైతులతో పనిచేస్తోంది. వాళ్ళకు ధర కంటే ముందు విత్తనమే కష్టం. దేశంలో పత్తి సాగులో తొంభై శాతానికి పైగా జన్యుమార్పిడి చేసిన బీటీ రకమే, ఫెయిర్‌ట్రేడ్‌లోనూ సేంద్రియంలోనూ అది పనికిరాదు. బీటీ కాని మంచి విత్తనం దుకాణంలో దొరకదు. పక్క చేను బీటీది అయితే కలిసిపోకుండా కాపాడుకోవడం ఇంకో యాతన.

కొనేటప్పుడు నేను ఏం చూడాలి, ఏం అడగాలి?

గుర్తు పక్కన చిన్న బాణం ఉంటే ప్యాకెట్ వెనక చదవండి. కొన్ని పదార్థాలు మాత్రమే ఫెయిర్‌ట్రేడ్‌వి కావచ్చు, లేదా ఫ్యాక్టరీలో మామూలు సరుకుతో కలిసి ఉండవచ్చు. కోకో, చక్కెర, టీ విషయంలో అలా కలపడానికి అనుమతి ఉంది, కొన్న పరిమాణం లెక్క సరిపోతే చాలు. కాఫీలో మాత్రం గింజ విడిగానే రావాలి.

గుర్తు లేని చిన్న కంపెనీ "మేం రైతు దగ్గర నేరుగా కొంటాం" అంటే మూడు సంగతులు అడగండి. ఏ సంఘం దగ్గర కొన్నారు, కిలోకు ఎంత ఇచ్చారు, ఎన్నేళ్ళుగా వాళ్ళ దగ్గరే కొంటున్నారు. నిజంగా అలా కొనేవాళ్ళు ఈ వివరాలు సంతోషంగా చెబుతారు, కొందరు ప్యాకెట్ మీదే అచ్చు వేస్తారు.